తుప్పు పట్టని బ్యారెల్

ఆర్మూర్,
జనవరి చివరి వారం.

ప్రియమైన బామ్మర్ది గజేందర్‌కు,

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అంటే మీ అక్క విజయశ్రీ క్షేమంగా తిడుతోంది, నేను క్షేమంగా పడుతున్నాను. నీ కొండ మీదికి సిగ్నల్ రాదని తెలిసి కూడా ఆమె రోజూ నీ నంబరు నొక్కుతుంది. "స్విచ్ ఆఫ్ అని ఒకామె చెప్తది గదా, గామె గొంతన్న ఇంట" అంటుంది. అందుకే ఈ ఉత్తరం. పెన్ను పట్టుకోగానే నాకు బడి తెలుగు వచ్చేస్తుంది, ఏమనుకోకు. నోటితో "గట్ల" అనేవాణ్ణి కాగితం మీద "ఆ విధంగా" అంటాను. పంతులు కొట్టిన దెబ్బలు ఊరికే పోవు.

అసలు సంగతికి వస్తాను. నా రైఫిల్‌కు కొత్త బ్యారెల్ వచ్చింది.

నిరుడు గుండెకు స్టెంట్ వేసినప్పుడు డాక్టరు నన్నేదైనా ఆట నేర్చుకోమన్నాడు కదా. షటిల్ ఆడితే ఆయాసం, ఈతకు పోతే నీళ్ళ భయం. చివరికి పడుకొని ఆడే ఆట ఒకటి దొరికింది. గుట్ట వెనక రైఫిల్ క్లబ్బులో బొర్లా పడుకొని, దూరంగా ఉన్న కాగితాన్ని కాల్చడం. లైసెన్సుకు పోతే స్టేషన్‌లో "ఎవల్ని కాలుస్తవే?" అని అడిగారు. కాగితాన్ని అన్నాను. "పాపం, కాగితం నిన్నేమన్నది?" అని ఒకటే నవ్వు.

నేను కొన్నది పాత తుపాకీ. గురి తప్పిన ప్రతిసారీ బ్యారెల్ అరిగిందని చెప్పుకునేవాణ్ణి. అని అని, చివరికి అది నిజంగానే అరిగిపోయిందని హైదరాబాద్‌లో తుపాకులు బాగుచేసే ప్రవీణ్ తేల్చాడు. ఆ రోజు నాకెంత సంతోషమో! ఇప్పుడు అతనే కొత్తది బిగించి ఇచ్చాడు. ఇక మీద గురి తప్పితే నెపం ఎవరి మీద పెట్టాలో తెలియక భయం పట్టుకుంది.

కొత్త బ్యారెల్‌ను మచ్చిక చేసుకోవాలట. ఒకటి కాల్చి ఒకసారి తుడవాలని క్లబ్బులో ఒకరు అంటారు. అదంతా ఉత్త మాట, ముట్టకుండా కాల్చుకుంటూ పొమ్మని ఇంకొకరు. నువ్వు మిలిటరీలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌వి. ఏం చేయాలో నువ్వు చెప్పు. జూన్‌లో క్లబ్బు పోటీ ఉంది. ఊళ్ళో అందరికీ చెప్పేశాను కాబట్టి తప్పించుకునే దారి లేదు.

మార్కెట్‌కు పసుపు రావడం మొదలైంది. పొద్దున్నుంచి కొమ్ములు విరవడం, లోపలి రంగు చూడడం, ఏ రకమో చెప్పడం. ఇంతే నా బతుకు. మార్చిలో సెలవు మీద వస్తావు కదా, మీ అక్క ఎదురుచూస్తోంది.

నీ బావ,
దయాకర్


ఒక కొండ (పేరు రాస్తే నా ఉద్యోగం పోతుంది),
ఫిబ్రవరి.

బావకు నమస్కారం.

నీ ఉత్తరం హెలికాప్టర్ ఎక్కి వచ్చింది. నువ్వింకా ఎక్కలేదు కాబట్టి, మన ఇంట్లో హెలికాప్టర్ ఎక్కింది నేనూ నీ చేతిరాతా మాత్రమే.

బ్యారెల్ సంగతి చెబుతాను. కొత్తగా కోసిన ఇనుములో కంటికి కనపడని గరుకు ఉంటుంది. మొదటి తూటాలు దాన్ని రాసి నునుపు చేస్తాయి. కాల్చు, తుడువు, మళ్ళీ కాల్చు అనేది అందుకే. నీది సీసం తూటాల చిన్న రైఫిల్, పైగా మంచి మేస్త్రీ బిగించినది. మచ్చిక చేయకపోయినా కొంప మునగదు. అయినా నీ మనసు ఆగదని నాకు తెలుసు. మొదట కొన్ని తూటాలకు ఒక్కొక్కదానికీ తుడువు, తరవాత అయిదేసికి ఒకసారి, ఆ తరవాత దాన్ని దాని మానాన వదిలెయ్యి.

గుడ్డ చుట్టి తుడిచే రాడ్‌ను ఎప్పుడూ వెనక నుంచే పెట్టు. మూతి వైపు నుంచి తోయకు. తూటా బ్యారెల్‌ను విడిచిపెట్టే ఆఖరి చోటు ఆ మూతి అంచు. అక్కడ వెంట్రుకంత నొక్కు పడినా తూటా దారి తప్పుతుంది. గుడ్డ ముక్క తెల్లగా బయటికొస్తే పని అయిపోయినట్టే. నూనె పలచగా పుయ్యి. ఇది బ్యారెల్, మిరపకాయ బజ్జీ కాదు. తుడిచిన తరవాత మొదటి నాలుగైదు తూటాలు ఇష్టమొచ్చినట్టు పోతాయి, గాబరా పడకు. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది?

ముఖ్యమైన మాట ఒకటుంది. కాల్చి పాడుచేసిన బ్యారెళ్ళ కంటే తుడిచి తుడిచి పాడుచేసినవే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

నా సంగతి ఏముంది. ఏడాదిగా తుపాకులు తుడవడమే కాని ఒక్కటి కాల్చింది లేదు. మిఠాయి కొట్టువాడికి చక్కెర రోగం ఉన్నట్టు. ఇక్కడి చలికి ఇనుము కరుస్తుంది. ఉత్త చేత్తో ముట్టొద్దని కొత్తగా వచ్చినవాళ్ళకు రోజూ ఉపన్యాసం ఇస్తాను. ఉపన్యాసం ఇచ్చేటప్పుడు నేను మస్తు గొప్పగా ఉంటాను, నువ్వు చూడాలి.

మార్చిలో వస్తున్నాను. అక్కను సర్వపిండి వండడానికి సిద్ధంగా ఉండమను.

నీ బామ్మర్ది,
గజేందర్


ఆర్మూర్,
ఫిబ్రవరి చివర.

బామ్మర్దీ,

ఘోరం జరిగిపోయింది. మోసపోయాను.

నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. సాయంత్రం మార్కెట్ నుంచి నేరుగా క్లబ్బుకు పోవడం, ఒకటి కాల్చడం, లేచి కూర్చొని తుడవడం, మళ్ళీ బొర్లా పడడం. ఈ లేవడం పడడంతో డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా అయిపోయింది. గుడ్డ ముక్కలకని నా బనీన్లు కోశాను. మీ అక్క చూసి, "గిట్ల కోస్తే రేపు ఏం తొడుక్కుంటవయ్యా? గా తుపాకికి తొడుగుతున్నవ్, నీకు లేకుంటాయె!" అంది. పుట్టుకతోనే పెద్దమనుషులు ఇలాంటి మాటలు పట్టించుకోరు.

క్లబ్బులో ఒకాయన బ్యారెల్ కడిగే మందు సీసా ఇచ్చాడు. మూత తీస్తే అమ్మోనియా ఘాటు, ముక్కు పగిలిపోతుంది. దానితో తుడిస్తే ఎలాంటి మురికైనా వదులుతుందన్నాడు. తుడిచాను. గుడ్డ బయటికి తీసి చూస్తే ఎర్రగా ఉంది! మళ్ళీ తుడిచాను, మళ్ళీ ఎరుపే. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఎంత తుడిస్తే అంత తుప్పు వస్తోంది. కొత్త బ్యారెల్‌లో తుప్పు! నువ్వు ఎక్కువ తుడవొద్దన్నావు కాని, తుప్పు కనిపిస్తుంటే చేతులు ముడుచుకొని ఎలా కూర్చోను?

ఆదివారం ప్రవీణ్ ఎవరిదో తుపాకీ పనిమీద క్లబ్బుకు వచ్చాడు. నలుగురిలో నిలదీశాను. "తుప్పు బ్యారెల్ అంటగడతవా నాకు?" అన్నాను. అతను లోపలికి లైటు వేసి ఒక కన్ను మూసి చూశాడు. "అన్నా, అద్దం లెక్క ఉన్నది" అన్నాడు. "అద్దమైతే నీ మొకం చూస్కో!" అన్నాను. అందరూ నవ్వారు. అతను సామాను సర్దుకొని వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చే దారంతా నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. స్టెంట్ కూడా సంతోషించి ఉంటుంది.

సాక్ష్యం కోసం ఆ గుడ్డ ముక్కను ఇందులో పెట్టి పంపుతున్నాను. నువ్వే చూసి, ఇది తుప్పేనని మిలిటరీ పద్ధతిలో రాసి పంపు. అతని మొహాన కొడతాను.

మార్చి వచ్చేస్తోంది. ఏ తారీఖున దిగుతావు?

దయాకర్


కొండ కింద ఇంకో చోటు,
మార్చి.

బావా,

కవరు చింపాను. ఎర్ర గుడ్డ అన్నావు. ఎర్ర గుడ్డ ఏదీ లేదు. పచ్చటి పసుపు గుడ్డ ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే మన ఆర్మూర్ మార్కెట్ మొత్తం గదిలోకి వచ్చి కూర్చుంది.

చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్విన నవ్వుకు పక్క మంచం మీది పంజాబీ ఆయన లేచి కూర్చొని, వీడికేమైంది అన్నట్టు చూశాడు.

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది బావా? ఎర్రగా పారాణి అవుతుంది. నీ అమ్మోనియా మందు కూడా సున్నం చేసే పనే చేస్తుంది. రోజంతా కొమ్ములు విరిచిన చేతులతో, కడుక్కోకుండా నేరుగా వచ్చి గుడ్డ పట్టుకున్నావు. నీ వేళ్ళ పసుపు గుడ్డకు అంటింది, మందు తగిలి ఎర్రబడింది. దారిలో మందు ఆవిరైపోయి మళ్ళీ అసలు రంగు వచ్చేసింది. నువ్వు అన్ని రోజులూ తుడిచింది తుప్పును కాదు, నీ చేతులను. పసుపు చూసి రకం చెప్పే మనిషివి! ఈ మాట మార్కెట్‌లో తెలిస్తే నీ ఉద్యోగం సంగతి ఏమిటి?

ఇప్పుడు రెండు పనులు చెయ్యి. సబ్బుతో చేతులు కడుక్కో. తరవాత పోయి ప్రవీణ్‌కు క్షమాపణ చెప్పు.

నా సెలవు కొంచెం వెనక్కి పోయింది. పని ఒత్తిడి. అక్కకు నచ్చజెప్పు. ఇక్కడ పెన్నులు బాగుండవు, అక్షరాలు చూసి నవ్వకు.

ఆ గుడ్డను పారెయ్యలేదు. దిండు కింద పెట్టుకున్నాను. దీనికీ నవ్వకు.

గజేందర్


ఆర్మూర్,
ఏప్రిల్ మొదట్లో.

బామ్మర్దీ,

చేతులు కడుక్కున్నాను. గుడ్డ కొంగ ఈకలా తెల్లగా వచ్చింది. ఆ తెలుపు చూసి నా మొహం నల్లబడింది.

ప్రవీణ్ దగ్గరికి హైదరాబాద్ వెళ్ళాను. ఫోన్‌లో చెప్పొచ్చు కాని, నలుగురిలో అన్న మాటను ఫోన్‌లో వెనక్కి తీసుకుంటే బాగుండదు. దుకాణంలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను, పసుపుతో సహా. అతను అంతా విని నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, మార్కెట్ల నీ పని ఏంది?"

"పసుపు గుర్తువట్టుడు" అన్నాను.

నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడ్డాడు. తరవాత చాయ్ తెప్పించాడు. "గా మాట జర మనసుకు తాకింది అన్నా" అని మాత్రం అన్నాడు. తాకకుండా ఎలా ఉంటుంది? తలవంచుకొని చాయ్ తాగాను. పోటీ రోజున తను కూడా వస్తానన్నాడు. ఇక ఆ బ్యారెల్ జోలికి పోనని, గుడ్డ కాదు కదా ఊదడం కూడా చేయనని ఒట్టు పెట్టుకున్నాను. మీ అక్క మిగిలిన బనీన్లు తాళం వేసి పెట్టింది.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి ఒకటి అడుగుతాను.

కొమ్ము పైకి నున్నగా మెరుస్తుంటే నేను నమ్మను, విరిచి లోపల చూస్తాను. నీ రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదానిలో అక్షరాలు కుడికి వాలి పరుగెత్తుతున్నాయి. రెండోదానిలో చిన్నపిల్లవాడు దిద్దినట్టు ఎడమకు పడిపోతున్నాయి. పెన్ను మంచిది కాకపోతే సిరా పాడవుతుంది కాని, రాత పక్క మారదు. కొండ కింద ఉన్నానని రాశావు. కింద సిగ్నల్ ఉంటుంది. మరి ఫోన్ ఎందుకు చేయవు? పక్క మంచం అని రాశావు. సెలవు వాయిదా పడేంత పనిలో ఉన్నవాడు మంచం మీద ఏం చేస్తున్నాడు?

నువ్వు చెప్పడానికి వెనకాడుతున్నావని తెలుస్తోంది. ముందు నేనే ఒకటి చెబుతాను, మీ అక్కకు కూడా చెప్పనిది. స్టెంట్ వేశాక నాకు పడుకోవాలంటే భయం పట్టుకుంది. వెల్లకిలా పడుకుంటే మళ్ళీ లేవనేమో అనిపించేది. కుర్చీలో కూర్చొని టీవీ చూస్తూ నిద్రపోయినట్టు నటించేవాణ్ణి. క్లబ్బులో చాప మీద పడుకున్నప్పుడు మాత్రం మనసంతా ఆ చిన్న నల్ల చుక్క మీద ఉండేది. గుండె కొట్టుకోవడం వినిపిస్తే, దెబ్బకూ దెబ్బకూ మధ్య మీట నొక్కాలని నేర్పారు. నన్ను భయపెట్టిన చప్పుడే అక్కడ నాకు పనికొచ్చింది. అలా పడుకోవడం మళ్ళీ నేర్చుకున్నాను. ఆట, వ్యాయామం అని అందరికీ చెప్పేదంతా పైపై మెరుపు.

నేను విరిచి చూపించాను. ఇక నీ వంతు.

దయాకర్


మిలిటరీ దవాఖాన,
ఏప్రిల్ చివర.

బావా,

నిన్ను పసుపు ఉద్యోగంలోంచి తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫిబ్రవరిలో, నీకు ఉత్తరం రాసిన కొద్ది రోజులకే. గస్తీకి వెళ్ళాల్సిన ఒకతని రైఫిల్ గడ్డకట్టింది. లోపలి చిన్న స్ప్రింగు గ్లౌజు చేతులకు అందడం లేదు. వాళ్ళు బయట మంచులో నిలబడి ఎదురుచూస్తున్నారు. ఒక్క క్షణం పనే కదా అనుకున్నాను. కుడిచేతి గ్లౌజు తీశాను. రోజూ ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషిని చూడు! తోలు ఇనుముకు అతుక్కుపోయింది. విడిపించుకొని, స్ప్రింగు బిగించి, రైఫిల్ చేతికిచ్చి పంపించే దాకా నొప్పి కూడా తెలియలేదు. నొప్పి తెలియకపోవడమే చెడ్డ గుర్తని ఉపన్యాసంలో నేనే చెబుతాను.

కుడిచేతి మూడు వేళ్ళు పై కణుపు వరకు తీసేశారు. బొటనవేలు, చిటికెన వేలు బాగున్నాయి. ఇంతకంటే ఘోరంగా పోయినవాళ్ళు ఇదే గదిలో ఉన్నారు, కాబట్టి ఏడవడానికి నాకు వరసలో చోటు దొరకలేదు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాను. ఎడమ చేత్తో తినడం ఇంకా రాలేదు, పప్పు ఎటు పోవాలో అదే నిర్ణయించుకుంటుంది.

ఫోన్ చేస్తే అక్క వీడియో పెట్టమంటుంది. ఏ చెయ్యి చూపించను?

త్వరలో మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఉంచుతారో పంపిస్తారో వాళ్ళు చెప్పేదాకా ఆగాలని లేదు, నేనే వెళ్ళిపోతానని చెబుదామనుకుంటున్నాను. చూపు, వేళ్ళు, ఈ రెండే ఆర్మరర్ ఆస్తి. సగం పోయాక స్టోర్ గదిలో బస్తాలకు కాపలా కూర్చోవడం నావల్ల కాదు. బోర్డుకు ముందు ఇంటికి సెలవు ఇస్తామన్నారు. వద్దన్నాను.

అక్కకు చెప్పకు.

గజేందర్


ఆర్మూర్,
మే.

తమ్మీ,

నేను అక్కను రాస్తున్న. నాకు మీ బావ లెక్క పుస్తకాల తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్త.

మీ బావ చెప్పలేదు. ఆయనకు దాచుడు రాదు, నీ ఉత్తరం చదివి అన్నం ముందల పెట్టుకొని గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు. నేనే అంగి జేబులకెల్లి తీసుకొని చదివిన. కాని నాకు మార్చిలనే ఎర్కైంది. నీకు పలక మీద ఓనమాలు దిద్దిచ్చింది ఎవరు? నీ 'అ' ఎట్లుంటదో నాకెర్కలేదా? గా మార్చి ఉత్తరం చూసిన్నాడే, నీ కుడిచెయ్యికి ఏదో అయ్యిందని సమజైంది. నువ్వే చెప్తవని ఊకున్న. చెప్పకపోతివి.

ఏ చెయ్యి చూపించాలె అని అడిగినవ్ గదా. రెండూ చూపియ్యి. నేను నీ చెయ్యి చూడనీకి ఫోన్ చేస్తలేను, నీ మొకం చూడనీకి చేస్తున్న.

సెలవు వద్దన్నవంట. గట్ల కుదరదు. నువ్వు రాకుంటే నేనే వస్త. బస్సు దాటి ఎక్కడికి పోనిదాన్ని, దారి తప్పుత, అందరు పరేషాన్ అయితరు. ఆలోచించుకో.

ఇంకో మాట. కుర్చీల పండినట్టు మీ బావ నటించుడు కూడ నాకెర్కే. నేను మెలకువతోనే ఉంటుంటి. ఈ ఇంట్ల మొగోళ్ళు దాస్తున్నమనుకుంటరు, నేను చూడనట్టు ఉంట.

అన్నం ఎడమ చేత్తో రాకుంటే చెంచతోని తిను. ఫోన్ ఎత్తు.

మీ అక్క


సికింద్రాబాద్ రైల్వే స్టేషన్, తరవాత రైలు,
జూన్ చివర.

బావా,

నిన్ననే మీ ఇంటి నుంచి బయల్దేరాను, ఈరోజే ఉత్తరం. నవ్వుతావని తెలుసు. కాని మన ఇద్దరికీ నోటితో మాట్లాడడం కంటే ఇదే బాగా వస్తుంది. ఉన్నన్ని రోజులు ఎండ గురించి, వానల గురించి, అక్క వంట గురించి మాట్లాడుకున్నాం. పోటీ రోజు గురించి మాత్రం ఇద్దరం నోరెత్తలేదు. అది నాలో తిరుగుతూనే ఉంది.

నేను ఆ రోజు రానన్నాను. అక్క బలవంతాన వచ్చాను. చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకొని, వెనక వరసలో చివరి కుర్చీ చూసుకొని కూర్చున్నాను. చాప మీద నువ్వు పడుకున్న తీరు చూస్తే నువ్వు తుపాకీని పట్టుకున్నావా, తుపాకీ నిన్ను పట్టుకుందా అన్నట్టుంది. అయినా బాగానే మొదలుపెట్టావు. సగం అయ్యేసరికి నువ్వు చెయ్యి పైకెత్తావు. పేలిన తూటా ఖాళీ గొట్టం బ్యారెల్ వెనక భాగంలో ఇరుక్కుపోయింది, తూటా గదిని మూసే బోల్టు లాగినా బయటికి రావడం లేదు. బాగుచేసుకోవడానికి జడ్జి కొద్ది సమయం ఇచ్చాడు.

ప్రవీణ్ పనిముట్ల పెట్టెతో అక్కడే ఉన్నాడు. నీ వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థం కాలేదు. ఎవరూ కదలడం లేదు. నువ్వు వెనక్కి తిరిగి నన్ను పిలిచింది కూడా లేదు. ఆ చాప మీద అలాగే పడుకొని, ముందుకు చూస్తూ ఉన్నావు. సమయం పోతోంది.

ఎప్పుడు లేచానో తెలియదు. చెయ్యి జేబులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో అంతకంటే తెలియదు. బోల్టు తీసి చూశాను. వెనక నుంచి అందదు, మూతి వైపు నుంచే రాడ్ పెట్టి తోయాలి. అంచుకు తగిలితే బ్యారెల్ పోయినట్టే. మామూలుగా అయితే రాడ్ నడుమ నిలబడడానికి ఇత్తడి బిళ్ళ పెడతాం. అది లేదు. నా మొండి వేళ్ళు మూడింటినీ మూతి చుట్టూ పెట్టాను. రాడ్ వాటి నడుమ నుంచి అటూ ఇటూ కదలకుండా దిగింది. పూర్తి వేళ్ళున్నప్పుడు కూడా అంత నిలకడగా పట్టుకోలేదు. కొత్త తోలు కదా, మంట పుట్టింది. మెల్లగా తోశాను. టక్కుమని గొట్టం కింద పడింది.

తల ఎత్తితే అందరూ చూస్తున్నారు. నా చెయ్యి వైపు కాదు, కింద పడ్డ గొట్టం వైపు.

తరవాత నువ్వు కాల్చినవన్నీ ఎక్కడెక్కడికో పోయాయి. నీ స్థానం చివరి నుంచి రెండోది. చివరి ఆయన ఎండకు తట్టుకోలేక మధ్యలో వెళ్ళిపోయాడు కాబట్టి, గౌరవం కోసం రెండోది అంటున్నాను.

ఇక్కడి నుంచి నేరుగా బోర్డు ముందుకు పోతాను. వెళ్ళిపోతాను అని చెబుదామనుకున్న మాట చెప్పను. ఆర్మరర్ పని నేర్పే చోటికి పంపమని అడుగుతాను. గ్లౌజు ఎందుకు తీయకూడదో నాకంటే బాగా చెప్పగలిగేవాడు వాళ్ళకు దొరకడు. ఇస్తారో లేదో తెలియదు. అడగడానికి మాత్రం భయం లేదు.

ఒక్కటి తెలుసుకోవాలి బావా. నిజం చెప్పు. ఆ గొట్టం నిజంగా ఇరుక్కుందా, నాకోసం నువ్వే ఇరికించావా?

గజేందర్


ఆర్మూర్,
జూలై.

బామ్మర్దీ,

నేర్పే పని నీకిచ్చారని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మీ అక్క వీధిలో ఎవరు కనిపించినా ఆపి చెబుతోంది. కూరగాయల బండివాడు రెండుసార్లు విన్నాడు. నువ్వు నాకు ఫోన్ ఇమ్మనేలోపే ఆమె పెట్టేసింది, అందుకే నీ ప్రశ్నకు జవాబు ఇలా రాస్తున్నాను.

నిజంగానే ఇరుక్కుంది. తుపాకీని నేననుకున్నచోట ఆగేట్టు చేయగల తెలివే ఉంటే, తూటాను కూడా నేననుకున్నచోటికి పంపేవాణ్ణి. పసుపు గొడవ తరవాత ఒట్టు పెట్టుకున్నానని రాశాను కదా. ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా తుడవలేదు. తూటాల మైనం, సీసం పొడి, మసి అన్నీ పేరుకొని అక్కడ గట్టిగా పట్టేశాయట. ప్రవీణ్ చూసి, "అన్నా, తుడుస్తే పెండ్లికి తుడిచినట్టు తుడుస్తవ్, ఇడిస్తే ఇంటెన్క కొట్టం లెక్క ఇడుస్తవ్. నడుమ లేదా నీకు?" అన్నాడు. లేదు. నలభై తొమ్మిదేళ్ళుగా వెతుకుతున్నాను. ఇప్పుడు నెలకొకసారి, కడిగిన చేతులతో, అతను చెప్పినంతే తుడుస్తున్నాను.

కాబట్టి నన్ను గొప్పవాణ్ణి చేయకు. ఇరికించింది నా బద్ధకం.

కాని ప్రవీణ్ ఎందుకు ఆగిపోయాడో నీకు అర్థం కాలేదన్నావు. అది చెబుతాను. అతను పెట్టె పట్టుకొని వచ్చాడు. నేను పడుకున్న చోటి నుంచే చెయ్యి అడ్డం పెట్టాను. "టైం పోతది అన్నా, జరుగు, నేను తీస్త" అన్నాడు. అతను తీస్తే చిటికెలో అయిపోయేది.

"నువ్వు ఆగు. మా బామ్మర్ది ఉన్నడు" అన్నాను.

అతను వెనక్కి చూశాడు, నిన్ను చూశాడు, జేబులో ఉన్న నీ చెయ్యిని చూశాడు. పెట్టె కింద పెట్టేశాడు.

నువ్వు లేస్తావని నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే పిలిచినట్టవుతుందని తిరగలేదు. గుండె ఎలా కొట్టుకుందంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య చోటే లేదు. జడ్జి గడియారం చూస్తున్నాడు. చాప మీద బొర్లా పడి ఉన్నాను. వెనక ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

దయాకర్